రోల్‌ప్లేయింగ్ గేమ్‌లలో సహచరుల మీద ఆటగాడి పెత్తనం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో ఆదివారం సాయంత్రాలు ఎనిమిది పదిమందిమి చేరి రోల్‌ప్లేయింగ్ గేమ్‌లు, అంటే ఒక పాత్రగా మారి కథలో ముందుకు సాగే వీడియో గేమ్‌లు, ఆడుకుంటాం. ఒకరు కంట్రోలర్ పట్టుకుంటే మిగిలినవారు వెనక కూర్చుని సలహాలు చెబుతారు. కొత్తగా వచ్చినవారు ఎక్కువగా అడిగేవి సహచర పాత్రల గురించిన ప్రశ్నలే: ఈమె నా మాట ఎందుకు వినలేదు, అతన్ని నేనే నడపవచ్చా, చెప్పకుండా వెళ్ళిపోయాడేమిటి. ఏళ్ళ తరబడి నోటితో చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను. కొన్ని గేమ్‌ల కథల్లోని మలుపులు ఇందులో బయటపడతాయి కనుక, ఆడబోయేవారు ఆ సంగతి గమనించుకుని చదవాలి.

సహచర పాత్ర అని ఎవరిని అంటాం?

తనదంటూ ఒక పేరు, ఒక గతం, కొన్ని ఇష్టాయిష్టాలు ఉండి, మన కథానాయక పాత్ర వెంట నడుస్తూ పోరాడే పాత్రను సహచర పాత్ర అంటాం. జట్టులో ఉన్న ప్రతి ఒక్కరూ ఆ కోవలోకి రారు. 1981లో వచ్చిన విజార్డ్రీలో ఆటగాడు ఆరుగురిని తానే తయారుచేసి, పేర్లు పెట్టి, నేలమాళిగలోకి దింపేవాడు. ఆ ఆరుగురికీ నోరు లేదు కనుక వారు మాట వింటారా వినరా అన్న ప్రశ్నే పుట్టలేదు. 1998 నాటి బాల్డర్స్ గేట్‌లో మనం తయారుచేసుకునేది ఒక్క పాత్రనే. మిగిలిన ఐదుగురి వరకు దారిలో తారసపడతారు, వారిలో ఒకరంటే ఒకరికి పడనివారు ఉంటారు, సర్ది చెప్పేవారు లేకపోతే జట్టులోనే కత్తులు దూసుకుంటారు. 2000లో అదే ఇంజిన్ (గేమ్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్) మీద వచ్చిన ఐస్‌విండ్ డేల్ మళ్ళీ పాత పద్ధతికి వెళ్ళి, జట్టు మొత్తాన్నీ మన చేతే తయారు చేయించింది. రెండూ మంచి గేమ్‌లే, కానీ ఈ పేజీలోని ప్రశ్నలన్నీ బాల్డర్స్ గేట్ రకానికి చెందినవి.

పెత్తనం అంటే అసలు దేని మీద?

ఈ మాటను విడదీయకుండా వాడడం వల్లనే సగం వాదనలు వస్తున్నాయి. సహచరుడు పోరులో ఏం చేయాలన్నది ఒక సంగతి. అతను ఏం తొడుక్కోవాలి, ఏ విద్య నేర్చుకోవాలి అన్నది రెండో సంగతి. అతను ఏం మాట్లాడాలి, ఎవరి పక్షాన నిలవాలి, మనతో ఉండాలా వద్దా అన్నది మూడో సంగతి. మన ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు వెళ్ళే మరబోటును గుర్తు తెచ్చుకోండి. బోటు ఎటు పోవాలో, వల ఎప్పుడు దించాలో సరంగు చెబుతాడు, నడిసముద్రంలో కలాసీలు దానికి అడ్డు చెప్పరు. అయినా వల లాగే చేతిని సరంగు పట్టుకుని ఆడించడు. ఒడ్డుకు వచ్చాక, వచ్చే వేటకు ఏ కలాసీ ఏ బోటు ఎక్కుతాడన్నది అతని చేతిలో లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పోరులో సహచరుల చేతులు నాకు కావలసినంతగా అప్పగించాలి. వారి మనసు మాత్రం వారి దగ్గరే ఉంచాలి. కింది జవాబులన్నీ ఈ దృష్టితో రాసినవే.

పోరాటంలో సహచరులను ఎన్ని రకాలుగా నడిపిస్తారు?

అందరినీ మనమే నడపడం అన్నిటికంటే విశాలమైన పద్ధతి. 2023 ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో నలుగురి జట్టులో ఎవరి వంతు వస్తే వారిని మనమే కదిలించి, మనమే కొట్టిస్తాం. 1998 నాటి మొదటి భాగంలో పోరు ఆగకుండా నడుస్తుంది గానీ, స్పేస్‌బార్ నొక్కి కాలాన్ని ఆపి, ఆరుగురికీ వరుసగా పనులు పురమాయించి, మళ్ళీ నడిపించుకోవచ్చు. 2007లో మొదలైన మాస్ ఎఫెక్ట్‌లో కథానాయక పాత్ర షెపర్డ్‌ను మాత్రమే మనం నడుపుతాం. వెంట ఉన్న ఇద్దరికీ ఎక్కడ నిలబడాలో, ఏ శక్తిని ఎవరి మీద వాడాలో చెప్పగలం, తుపాకీ గురి మాత్రం వారిదే. ఇంకో పద్ధతిలో యుద్ధానికి ముందే నియమాలు రాసిపెట్టి, పోరు మొదలయ్యాక చూస్తూ ఉంటాం. అన్నిటికంటే ఇరుకైన పద్ధతిలో సహచరులకు ఒక ధోరణి మాత్రమే చెప్పగలం: గట్టిగా కొట్టండి, మంత్రశక్తి ఆదా చేయండి, వైద్యం మీద దృష్టి పెట్టండి, అంతే.

పెర్సోనా 3లో మొదట సహచరులను నడపనివ్వలేదట, నిజమేనా?

నిజమే. 2006లో పీఎస్2 (ప్లేస్టేషన్ 2) మీద వచ్చిన మూల రూపంలో కథానాయకుణ్ణి తప్ప ఎవరినీ నేరుగా నడపలేం. మంచు మంత్రానికి పడిపోయే శత్రువు కళ్ళెదుట ఉండగా, సహచరి మిత్సురు దాన్ని వదిలేసి శత్రువును మోహింపజేసే మంత్రం వేయడం ఆ గేమ్ ఆడినవారెవరూ మరచిపోని బాధ. 2008లో పెర్సోనా 4 నేరుగా ఆదేశాలిచ్చే అవకాశం కల్పించింది. 2009లో మూడో భాగం చేతి పరికరం మీదికి వచ్చినప్పుడు దానిలోనూ ఆ అవకాశం చేరింది. దీనికి ముందు దాఖలా కూడా ఉంది: 1990 నాటి డ్రాగన్ క్వెస్ట్ 4 మూల రూపంలో, చివరి అధ్యాయానికి వచ్చాక కథానాయక పాత్ర తప్ప మిగిలినవారంతా తమ తెలివితోనే పోరాడేవారు, తరువాతి రూపాల్లో దాన్ని సడలించారు.

ఇందులో నాకు ఇప్పటికీ తేలని చిక్కు ఒకటుంది. ఆ మిత్సురు మీద కోపం వచ్చిన మాట వాస్తవమే, కానీ ఆమె తనంతట తాను సమయానికి నన్ను బతికించిన రోజున కలిగిన కృతజ్ఞత, నేనే మీట నొక్కి చేయించుకున్న వైద్యానికి ఎన్నడూ కలగలేదు. చేతులు మనకు అప్పగించాలన్న నా మాటకు ఇది గట్టి అభ్యంతరమేనని ఒప్పుకుంటున్నాను.

గ్యాంబిట్‌లు, ట్యాక్టిక్స్ అంటే ఏమిటి? అవి పనిచేయడం లేదని చాలామంది అంటారెందుకు?

ఫలానాది జరిగితే ఫలానా పని చెయ్యి అన్న నియమాలను వరుసగా రాసి సహచరుడికి అప్పగించడమే ఈ పద్ధతి. 2006లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 12లో వీటిని గ్యాంబిట్‌లు అన్నారు. ఒక్కొక్కరికి 12 వరకు పెట్టుకోవచ్చు, నియమంలోని షరతులను కూడా అంగళ్ళలో కొనుక్కోవాలి. 2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో ఇవే ట్యాక్టిక్స్ అయ్యాయి.

పనిచేయడం లేదనడానికి ముఖ్యమైన కారణం వరుస. సహచరుడు ఆ జాబితాను పైనుంచి కిందికి చదువుతాడు, ఏ షరతు ముందు నిజమైతే ఆ పని చేసేస్తాడు, దాని కింద ఏముందో చూడడు. మా మేనల్లుడు ఆరిజిన్స్ మొదలుపెట్టిన కొత్తలో విన్ అనే వృద్ధ మంత్రగత్తెను వైద్యం కోసమే జట్టులో పెట్టుకున్నాడు. మూడు సార్లు వరసగా అందరూ నేలకూలిపోయాక స్క్రీన్ వైపు చేయి చూపించి, "మావయ్యా, నేను చచ్చిపోతున్నట్టు ఈవిడకి కనబడటం లేదా?" అన్నాడు. ట్యాక్టిక్స్ తెరిచి చూస్తే మొదటి గీతలో దగ్గరి శత్రువును కొట్టమని ఉంది. జట్టులో ఎవరి ప్రాణమైనా సగం కంటే తగ్గితే వైద్యం చేయమన్నది మూడో గీతలో ఉంది. దగ్గరి శత్రువు ఎప్పుడూ ఒకడుంటాడు కనుక విన్ మూడో గీత దాకా ఒక్కసారి కూడా రాలేదు. ఆమె చెప్పినట్టే చేసింది, చెప్పిన తీరు తప్పు. వైద్యాన్ని పైకి తెచ్చి, దాని మీద ఇంకొకటి పెట్టాం: తన ప్రాణం పావు వంతుకు పడిపోతే ముందు మందు తాగాలి. ఆ తరువాతి పోరులో మరో సహచరుడు అలిస్టర్ మోకాళ్ళ మీద పడబోతుండగా నీలి వెలుగు అతన్ని చుట్టుకుంది. మావాడు కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, ఏమీ నొక్కకుండా, కాసేపు ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

అందుకే ఈ పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం. ఇందులో నడపడం కంటే నేర్పడం ఎక్కువ. కొత్తవారికి నా సలహా ఇది: ప్రాణం నిలిపే నియమాలు పైన, పరిస్థితిని బట్టి చేసేవి నడుమ, ఎప్పుడూ నిజమయ్యే సాధారణ దాడి అట్టడుగున ఉంచాలి. 2018 నాటి పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ రెండో భాగంలో కూడా ఇలాంటి నియమాలు రాసుకునే సదుపాయం ఉంది.

సహచరుడి తుపాకీ గుండు నాకే తగులుతోంది. ఏం చేయాలి?

ముందు అతని చేతిలోని ఆయుధం మార్చండి. 1997 నాటి ఫాల్అవుట్‌లో ఇయాన్ అనే సహచరుడికి వరసగా పేల్చే తుపాకీ ఇస్తే, మనం అడ్డుగా ఉన్నామన్న ఆలోచన లేకుండా వెనకనుంచి పేల్చేస్తాడు. ఏడాది తరువాత వచ్చిన రెండో భాగంలో సహచరుడు ఎంత దూరంలో ఉండాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి వంటివి నిర్ణయించే పలక పెట్టారు.

సహచరుల బట్టలు, ఆయుధాలు నేను మార్చవచ్చా?

గేమ్‌ను బట్టి ఉంటుంది. ఆరిజిన్స్‌లో అన్నీ మార్చవచ్చు. 2011లో వచ్చిన డ్రాగన్ ఏజ్ 2లో సహచరుల కవచాలు మార్చడానికి వీలులేకుండా చేశారు, ఒక్కొక్కరికి వారిదైన రూపమే ఉంటుంది. అప్పట్లో దాని మీద చాలామంది విసుక్కున్నారు గానీ, ఎవరి బట్ట వారి మనిషితనంలో భాగమన్న వాదన నాకు సబబుగానే తోచింది. అదే ఏడాది వచ్చిన స్కైరిమ్‌లో లిడియా అనే సహచరి మన బరువులు మోస్తానని ప్రమాణం చేసిన మనిషి. ఆ మాట ఆమె పలికే తీరు వింటే మన సామాను మోయడం ఆమెకు ఏమాత్రం ఇష్టం లేదని తెలిసిపోతుంది.

సహచరుడి విద్యనే మార్చేస్తే కథ మారుతుందా?

మారదు, అక్కడే నాకు ఇబ్బంది. బాల్డర్స్ గేట్ 3లో విదర్స్ అనే పాత్రకు 100 బంగారు నాణేలు ఇస్తే ఏ సహచరుడి వృత్తినైనా మార్చివేస్తాడు. షాడోహార్ట్ అనే సహచరి షార్ దేవత పూజారిణి. ఆమెను మామూలు యోధురాలిగా మార్చినా కథ ఆమెను పూజారిణిగానే చూస్తూ ఉంటుంది. ఆడడానికి సులువే కావచ్చు, కానీ ఆమె నమ్మకాన్ని ఆమెకు చెప్పకుండా తీసివేసినట్టు అనిపించి, నేను ఆ పని చేయను.

సహచరుడి తరఫున మాటలు కూడా నేనే ఎంచుకోవచ్చా?

బాల్డర్స్ గేట్ 3లో సహచరుడిని నడుపుతూ వేరే పాత్రతో మాట కలిపితే, అతని జవాబులను మనమే ఎంచుకుంటాం. నాకు నచ్చని ఏర్పాటు ఇది, ఎందుకంటే అప్పటిదాకా ఎంతో సొంత గొంతుతో మాట్లాడిన మనిషి ఆ కాసేపు మన కీలుబొమ్మ అవుతాడు. దీనికి భిన్నంగా 2014 నాటి డివినిటీ: ఒరిజినల్ సిన్ ఇద్దరు కథానాయకులను ఇచ్చి, వారిద్దరి మధ్య అభిప్రాయ భేదం వస్తే రాయి, కాగితం, కత్తెర ఆటతో తేల్చింది. ఇద్దరు మనుషులు కలిసి ఆడుతున్నప్పుడు అది ఎంతో బాగుంటుంది.

సహచరుడు నా నిర్ణయాన్ని కాదంటే, లేదా విడిచిపోతే, అది గేమ్‌లో లోపమా?

కాదు. అన్నిటికంటే జాగ్రత్తగా అర్థం చేసుకోవలసిన సంగతి ఇదే. ఆరిజిన్స్ చివరి భాగంలో, తన గురువు చావుకు కారణమైన లొఘేన్‌ను మనం క్షమించి మన యోధుల దళమైన గ్రే వార్డెన్లలో చేర్చుకుంటే, మొదటినుంచీ వెంట ఉన్న అలిస్టర్ జట్టు విడిచిపోతాడు. పవిత్ర భస్మాన్ని అపవిత్రం చేస్తే విన్ మన మీదికే దండెత్తుతుంది. స్టెన్ అనే మరో సహచరుడు మన నాయకత్వాన్ని సవాలు చేసి కత్తి దూయగలడు. మాస్ ఎఫెక్ట్ మొదటి భాగంలో, విర్మైర్ అనే గ్రహపు తీరాన, తన జాతి వంధ్యత్వానికి మందు ఉన్న చోటునే మనం పేల్చబోతున్నామని తెలిసి సహచరుడు రెక్స్ తుపాకీ ఎత్తుతాడు. ఒప్పించే నేర్పో, గద్దించే నేర్పో ఉండాలి, లేదా అంతకు ముందు అతని కుటుంబ కవచాన్ని వెతికి తెచ్చి ఇచ్చి ఉండాలి. ఇవేవీ లేకపోతే అతని ప్రాణం అక్కడే పోవచ్చు.

కవచం సంగతి మళ్ళీ చూడండి. ఎప్పుడో పనిలో పనిగా చేసిన చిన్న సాయం, మాటలు చెల్లని చోట రెక్స్‌ను ఆపుతుంది. అతని మనసు మన చేతిలో లేదు గనుకనే ఆ సాయానికి విలువ వచ్చింది. ప్రతి ఆదేశానికీ తల ఊపే సహచరుడు వెంట ఉన్నా, ఒంటరిగా ఆడుతున్నట్టే ఉంటుంది నాకు.

అయితే ఒక షరతు పెడతాను. విడిచిపోయేవాడు ముందుగా ఏదో ఒక సూచన ఇవ్వాలి. అతని మాటల్లో, అలకలో, మౌనంలో అది కనబడాలి. ఏ సూచనా లేకుండా జట్టులోంచి మాయమైతే అది రాసినవారి తప్పే.

కానుకలు ఇచ్చి సహచరుల అభిమానం కొనవచ్చా?

ఆరిజిన్స్‌లో చాలా వరకు కొనవచ్చు. అభిమానం అక్కడ మైనస్ 100 నుంచి 100 వరకు అంకెగా కనబడుతుంది, కానుక ఇస్తే ఆ అంకె పెరుగుతుంది. ఉదయం ఊరు తగలబెట్టి సాయంత్రం ఒక నగ చేతిలో పెడితే సరిపోతుందన్నమాట. డ్రాగన్ ఏజ్ 2 దీన్ని స్నేహం, పోటీ అని రెండు వైపులుగా మార్చింది. మనతో విభేదిస్తూనే మనల్ని గౌరవించే సహచరులు అందులో సాధ్యమయ్యారు. ఈ దారిలో ఇంకా ఎంతో చేయవచ్చు, తరువాత వచ్చినవారు దాన్ని అంతగా పట్టించుకోకపోవడం బాధగా ఉంది.

ప్రేమ కథల సంగతి?

పై జవాబే వర్తిస్తుంది. కాదనే హక్కు లేని పాత్ర అవునన్నా దానికి అర్థం ఉండదు.

సహచరులు చనిపోతే తిరిగి రారా?

కొన్నిటిలో వస్తారు, కొన్నిటిలో రారు. 1990లో మొదలైన ఫైర్ ఎంబ్లెమ్‌లో పోయినవారు పోయినట్టే ఉండేది. 2010 నుంచి తిరిగి వచ్చే పద్ధతిని కూడా ఎంచుకోనిచ్చారు. 2010లోనే వచ్చిన మాస్ ఎఫెక్ట్ 2 చివరి దండయాత్ర దీనికి మంచి ఉదాహరణ. గొట్టాల గుండా పాకుతూ వెళ్ళే పనికి యంత్రాలు తెలిసినవారిని పంపాలి; టాలీ, లీజియన్, కసూమీలలో ఒకరిని పంపకుండా వేరేవారిని పంపితే వెళ్ళినవారు ప్రాణం పోగొట్టుకుంటారు. సరైనవారినే పంపినా, వారి సొంత కష్టం తీర్చి వారి నమ్మకం సంపాదించుకోకపోతే ఫలితం అంతే. ఎవరు దేనికి తగినవారో తెలుసుకోవడం కూడా నాయకత్వమేనని ఇంత గట్టిగా చూపిన గేమ్ ఇంకొకటి నేను ఆడలేదు.

కొత్త గేమ్‌లలో పెత్తనం తగ్గుతోందా?

ఒక్క మాటలో చెప్పలేం. డ్రాగన్ ఏజ్ వరసలో 2014 వరకు ఏ సహచరుడినైనా నేరుగా నడపగలిగేవాళ్ళం. 2024 అక్టోబరులో వచ్చిన ది వెయిల్‌గార్డ్‌లో అది పోయింది. వెంట ఉన్న ఇద్దరికీ కొన్ని శక్తులు వాడమని చెప్పడమే మిగిలింది, వారు పోరులో పడిపోరు కూడా. వారిని కాపాడుకోవలసిన అవసరం లేకపోవడంతో నాకు వారి మీద దిగులు కలగలేదు, అదే పెద్ద నష్టం. అయితే అంతకు ఏడాది ముందే బాల్డర్స్ గేట్ 3 నలుగురినీ పూర్తిగా మన చేతికిచ్చింది, కాబట్టి పాత పద్ధతికి కాలం చెల్లిందనడం సరికాదు.

తెలుగులో లేని ఈ గేమ్‌లలో సహచరుల మాటలను మనం ఎలా అర్థం చేసుకోవాలి?

మా ఇంట్లో ఇంగ్లీషు అంతగా రానివారి కోసం ఎవరో ఒకరు మాటలను అప్పటికప్పుడు తెలుగులో చెబుతారు. అప్పుడు ఇంగ్లీషులో కనబడని చిక్కు ఒకటి ఎదురవుతుంది: ఈ సహచరుడు మనల్ని నువ్వు అంటాడా, మీరు అంటాడా? ఆ ఒక్క మాటతో అతను మనకు లొంగి ఉన్నాడా, సమానుడా అన్నది తేలిపోతుంది. మాస్ ఎఫెక్ట్‌లో సహచరుడు గారస్ షెపర్డ్‌ను కమాండర్ అంటాడు కనుక మొదట మీరు అనిపించాం. అతని పాత పగ తీర్చే ప్రయాణం అయిపోయాక, ఎవరూ చెప్పకుండానే, చదివే అమ్మాయి నోట అది నువ్వు అయిపోయింది. విన్ పెద్దావిడ, ఆమె నాయకుణ్ణి కూడా నాయనా అనే పిలుస్తుంది. స్టెన్ మొదటి రోజునుంచే నువ్వు అంటాడు, అతనికి మన పదవితో పని లేదు. అభిమానం బాగా పెరిగాక అతను మనల్ని తన భాషలో కదాన్ అంటాడు. దానికి తెలుగేమిటని మా దగ్గర అరగంట వాదన నడిచింది, మరమరాల పొట్లాలు ఖాళీ అయిపోయాయి. తమ్ముడూ అని ఒకరు, అన్నా అని ఇంకొకరు, చివరికి ఏమీ మార్చకుండా కదాన్ అనే ఉంచేశాం.

నచ్చని ఫలితం వస్తే సేవ్ (ఆటను అంతకు ముందు దాచుకున్న చోటు) తెరిచి వెనక్కి వెళ్ళవచ్చు కదా?

వెళ్ళవచ్చు, ఎవరినీ తప్పు పట్టను. కానీ అది కూడా పెత్తనమేనని, అన్నిటికంటే పెద్ద పెత్తనమని తెలిసి చేయాలి. సహచరుడు కాదన్న ప్రతిసారీ కాలాన్ని వెనక్కి తిప్పితే, కాదనే హక్కును అతని దగ్గరనుంచి లాక్కున్నట్టే. 2023 నవంబరు చివర బాల్డర్స్ గేట్ 3కి చేర్చిన హానర్ మోడ్‌లో ఒకే ఒక్క సేవ్ ఉంటుంది, కావాలంటే దానిలో ఆడండి. మా ఇంట్లో మాత్రం మామూలు ఆటకే ఒక నియమం పెట్టుకున్నాం: సహచరుడు తన ఇష్టంతో వెళ్ళిపోతే ఆ సేవ్ ముట్టుకోకూడదు. మా మేనల్లుడు ఆ గేమ్‌లో గాబ్లిన్ల పక్షం చేరి, శరణార్థులున్న తోట మీదికి వెళ్ళిన రాత్రి విల్, కార్లాక్ అనే సహచరులిద్దరూ అతన్ని విడిచిపోయారు. అతను మెనూ తెరిచాడు, పాత సేవ్ మీద గుర్తు పెట్టి చాలాసేపు ఆగాడు, మా అందరి వైపు ఒకసారి చూసి మెనూ మూసేశాడు. ఆ ఆట వారిద్దరూ లేకుండానే ఇప్పుడు మూడో అంకంలో నడుస్తోంది.